సీటు అమ్మాయికి, ప్రాక్టీసు నాకు

మెడిసిన్ చదవడం దండగ అనేవాళ్లను చూస్తే నాకు జాలి! ఐదున్నరేళ్లు చదవాలి, అదయ్యాక పీజీ అంటారు, ఆ పైన ఇంకేదో అంటారు, జుట్టు నెరిసేదాకా పుస్తకాలేనా అని వాళ్ల బాధ. వాళ్లకు అసలు కిటుకు తెలియదు. చదివేది పిల్లలు, డాక్టరయ్యేది మనం! దానికి ఐదున్నరేళ్లు ఆగక్కర్లేదు. ఐదు వారాలు చాలు.

గాలిలో మాట చెప్పడం లేదు, ఇది స్వానుభవం. సోమనర్సయ్య అనే నేను ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లను "ఎటు?" అని అడగడం తప్ప నాకు వేరే పని లేదు. అలాంటి నేను పోయిన చలికాలం డాక్టరునయ్యాను. నీట్ రాయలేదు. థర్మామీటరు చూడడం ఇప్పటికీ రాదు. అయినా రోజుకు పదిహేను, ఇరవై మందిని చూశాను.

ఎలాగంటారా? మా అమ్మాయి అమూల్యకు భూపాలపల్లిలో మెడికల్ సీటు వచ్చింది. అంతే!

మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊరు. పేరు రాయను. రాస్తే పక్క మండలాల నుంచి కూడా పేషెంట్లు దిగుతారు, నా వల్ల కాదు.

సీటు వచ్చినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది మధ్యాహ్నం. మర్నాడు పొద్దున బస్సు ఆగేచోట ఫ్లెక్సీ లేచింది. "మా ఊరి మొట్టమొదటి డాక్టర్ అమూల్య గారికి హార్దిక శుభాకాంక్షలు" అని దాని మీద బారెడు అక్షరాలు. ఫొటోలో పిల్ల మెడలో స్టెతస్కోపు కూడా ఉంది. అప్పటికి మా పిల్ల స్టెతస్కోపును చేత్తో ముట్టుకోనైనా లేదు! ముఖం దానిదే, మెడ నుంచి కిందికి ఇంకెవరో. ఫ్లెక్సీలు వేసే బలరాం అతికించాడు. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు ఇరవై రెండు ఉన్నాయి. ఆ ఇరవై రెండు మందిలో పదిమందికి ఆ వారంలోనే ఏదో ఒక జబ్బు చేసింది.

మొదటి పేషెంటు ఆగయ్య. మా అమ్మాయి ఇంకా కాలేజీ గడప తొక్కలేదు, బట్టలు సర్దుకుంటోంది. ఆయన నేరుగా ఇంట్లోకి వచ్చి, నోరు తెరిచి, నాలుక బయటపెట్టి నిలబడ్డాడు.

"జర చూడు డాక్టరమ్మా. పది దినాల సంది బువ్వ రుచి తెలుస్తలేదు."

"నాకింక క్లాసులే షురూ కాలె తాతా," అంది అమూల్య.

"క్లాసులతోని నాకేం పని? నువ్వు నాలిక చూడు."

నాలుక లోపలికి పోయే సూచన కనిపించలేదు. ఇక తప్పక నేనే "ఉప్పు తగ్గించు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆగయ్య నాలుక లోపలికి తీసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. వారంలో తగ్గిందట! ఆ వారమంతా ఆయన కూతురింట్లో భోంచేశాడని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే నా పేరు ఊరంతా పాకిపోయింది.

అమూల్య హాస్టలుకు వెళ్లిపోయాక జనం రావడం మానేస్తారనుకున్నాను. మానలేదు. డాక్టరమ్మ లేదయ్యా అంటే, "మరి నువ్వున్నవు గద!" అన్నారు. మొదట్లో మొహమాటపడ్డాను. ఆ తర్వాత ఆలోచించాను. బస్సులో ముప్పై ఒక్కేళ్లు అరవై మందిని అజమాయిషీ చేసినవాణ్ని, అరుగు మీద ఆరుగురిని చూడలేనా?

అన్యాయంగా మాత్రం చూడలేదు. ప్రతి కేసుకూ హాస్టలుకు ఫోన్ చేసేవాణ్ని. కడుపునొప్పి అంటే అమూల్య విసుక్కునేది.

"బాపూ, మాకు ఇప్పుడు చెయ్యే నడుస్తున్నది. కడుపు మార్చిల చెప్తరు."

పిల్ల మాటలో నాకు ఒక పద్ధతి కనిపించింది. అడ్డదిడ్డంగా జబ్బులు చూడడం మంచిది కాదు. సిలబస్ ప్రకారం చూడాలి! వెంటనే అరుగు మీద బోర్డు రాసి పెట్టాను. నవంబరు: చేయి. డిసెంబరు: కాలు. జనవరి: పునశ్చరణ. ఫిబ్రవరి: ఛాతీ. మార్చి: కడుపు. తల సంగతి ఆ తర్వాత. గుండెదడ ఉన్నవాళ్లు ఫిబ్రవరి దాకా ఓపిక పట్టవలెనని కింద గీత గీసి రాశాను. నిజంగానే ఓపిక పట్టారు! ఈ క్రమశిక్షణ ఏ కార్పొరేట్ ఆస్పత్రిలో ఉంది చెప్పండి?

నా దగ్గరున్న మందులు మూడు. ఉప్పు తగ్గించు, నీళ్లు బాగా తాగు, ఎండలో తిరగకు. డిసెంబరులో ఎండ ఎక్కడిదని ఒకరిద్దరు అడిగారు. "అందుకే ముందుజాగ్రత్త" అని చెప్పాను. వాళ్లు తృప్తిగా తల ఊపారు.

పేర్లు కూడా బాగా పనిచేస్తాయి. మోకాలి చిప్పను పటెల్లా అంటారని అమూల్య ఫోన్లో చెప్పింది. మర్నాడు కట్టమ్మ మోకాలు పట్టుకుని వస్తే, గంభీరంగా చూసి, "నీది పటెల్లా" అన్నాను. ఆమె కళ్లు పెద్దవి చేసింది. "ఇన్నేండ్ల సంది ఉట్టి మోకాలనుకుంటున్న సోమన్నా!" అని సంబరపడింది. వచ్చినప్పటికన్నా చురుగ్గా నడుస్తూ పోయింది. పేరు చెప్పినందుకే ఇంత గుణం కనిపిస్తే, చదువు దండగ అని ఎట్లా అంటారు?

మా ఆవిడ వసంత కూడా ఊరుకోలేదు. ఆడవాళ్ల విభాగం తను తీసుకుంది. వాము కషాయం ఒక్కటే ఆమె మందు. ఒకే ఒక్కసారి వైద్యవృత్తి మీద ఆమెకు విరక్తి కలిగింది. డిసెంబరులో పిల్ల రెండు రోజులకు ఇంటికి వచ్చినప్పుడు, ఉతకడానికని బ్యాగులో చెయ్యి పెడితే మూరెడు తొడ ఎముక చేతికొచ్చింది.

"ఎవలదే ఇది?" అని కేక పెట్టింది.

"ఎవ్వలది కాదమ్మా, ప్లాస్టిక్‌ది. చదువుకునేటందుకు తెచ్చిన."

"ప్లాస్టికైతేంది, బొక్క బొక్కే! ఇంట్ల దీపం పెట్టేది నేను."

ఎముకను బావి దగ్గరికి తీసుకుపోయి పసుపు నీళ్లతో స్నానం చేయించింది. పిల్ల దాన్ని పచ్చగానే కాలేజీకి తీసుకుపోవలసి వచ్చింది. క్లాసులో సారు దాన్ని చూసి కామెర్ల కేసా అని అడిగారట.

ఇన్ని సరదాలున్న చదువు ఇంకొకటి చూపించండి! ఇంజనీరింగ్ సీటొస్తే తల్లిదండ్రుల్ని ఎవరైనా పిలిచి వంతెన కట్టమంటారా? లా సీటొస్తే తండ్రిని కోర్టులో వాదించమంటారా? ఒక్క సీటుకు ఇంటిల్లిపాదీ డాక్టర్లయ్యే కోర్సు ఇదొక్కటే.

జనవరిలో యాకమ్మక్క వచ్చింది.

మా పెద్దనాయిన బిడ్డ. నాకన్నా ఆరేళ్లు పెద్ద. మా అమ్మ మంచాన పడ్డప్పుడు నాకు తలస్నానాలు చేయించింది ఆమే. అరవై ఏడేళ్లకు ఇంకా నాట్లకు పోతుంది, పదిమంది వరసలో ముందుంటుంది. అక్క కదా, లైన్లో కూర్చోలేదు. నేరుగా అరుగెక్కి కుడికాలు చాపింది. చిటికెన వేలి కింద అరికాల్లో పెద్ద బఠాణీ గింజంత పుండు ఉంది.

"మడిల మొల గుచ్చుకున్నదో, ఏందో తమ్మీ. ఎప్పుడు గుచ్చుకున్నదో గూడ ఎరుక లేదు. చెప్పుకు నెత్తురంటితే చూసిన."

నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఎందుకంటే కాలు సిలబస్ డిసెంబరులోనే పూర్తయింది!

"నొప్పున్నదా అక్కా?"

"గదే తమ్మీ, నొప్పి లేదు."

"నొప్పి లేకుంటే జబ్బే లేదు! పసుపు పెట్టు. నీళ్లు బాగ తాగు."

"నీళ్లు మస్తు తాగుతున్న. రాత్రిపూట గూడ లేశి లేశి తాగుతున్న."

"శాబాష్!" అన్నాను. నా ప్రాక్టీసులో నేను చెప్పకముందే నీళ్లు తాగిన పేషెంటు ఆమె ఒక్కతే. ఆ రోజు అరుగు మీదున్న వాళ్లందరికీ మా అక్కను ఆదర్శంగా చూపించాను. ఆమె కూడా గర్వంగా నవ్వింది. కాలికి గుడ్డ చుట్టుకుని మళ్లీ నాట్లకు పోయింది. ఈ సారి ఫోన్ కూడా చేయలేదు. తెలిసిన కాలికి పిల్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని.

మూడు వారాల తర్వాత ఒక శనివారం అమూల్య ఇంటికి వచ్చింది. యాకమ్మక్క దాన్ని చూడడానికి వచ్చి గుమ్మంలో కూర్చుంది. కాలికి కట్టిన గుడ్డ నుంచి వాసన వస్తోంది. మాకెవరికీ అది కొత్త కాదు, అలవాటైపోయింది. పిల్ల మాత్రం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది.

గుడ్డ విప్పింది. తర్వాత చీపురులోంచి ఒక పుల్ల తుంచుకొచ్చింది.

"అత్తా, కండ్లు మూసుకో. నేను ముట్టినప్పుడల్ల చెప్పు."

"చెప్త తియ్. ముట్టు."

పిల్ల పుల్లతో బొటనవేలిని తాకింది. చిటికెన వేలిని తాకింది. మడమను తాకింది.

"ముట్టవేందే?" అంది యాకమ్మక్క, కళ్లు మూసుకునే నవ్వుతూ.

"ముట్టిన అత్తా. మూడుసార్లు."

నవ్వుతున్నది మా అక్క ఒక్కతే.

"ఏమైందే?" అన్నాను.

"నాకు తెల్వదు బాపూ."

"తెల్వకపోవుడేంది? కాలు అయిపాయె గద!"

"నాకు తెల్వదు. తెలిసినోళ్ల తాన్కి తీస్కపోదాం. ఇప్పుడే."

నేను నాలుగు నెలలు ప్రాక్టీసు చేశాను. ఆ ఒక్క మాట మాత్రం ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు. ఆ మాట అనడానికి ఎంత చదువు కావాలో ఆ రోజు తెలిసింది. మా పిల్ల అప్పటికి చదివింది నాలుగు నెలలే. అయినా అది నేర్చుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ముందు మా ఊరి దవాఖానకే తీసుకుపోయాం. అవును, మా ఊళ్లో సర్కారు దవాఖాన ఉంది! ఇంతదాకా మీకు చెప్పనే లేదు. దాచాలని కాదు, మాకే గుర్తుండదు. చక్కటి బిల్డింగు. లేతపచ్చ రంగు వేశారు. డాక్టరు గది ఉంది, గదిలో బల్ల ఉంది, బల్ల వెనక చక్రాల కుర్చీ ఉంది, కుర్చీ మీద ఫ్యాను తిరుగుతుంది. కింద కూర్చునే మనిషి లేక రెండేళ్ల నాలుగు నెలలైంది. వేరే ఊరి నుంచి ఒక డాక్టరుగారు మంగళవారం మాత్రం వచ్చి పోతారు. ఆయనకు అలాంటి ఊళ్లు నాలుగున్నాయి, ఆయన్ను తిట్టడానికి నోరు రాదు.

ఉన్నది నర్సు నీలి ఒక్కతే. ఆమె వేలు గుచ్చి చక్కెర చూసింది. మిషను మీద అంకె చూసి మళ్లీ గుచ్చి చూసింది. తర్వాత గబగబా పుండు కడిగి కట్టు కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"షుగరు గింతగనం ఉంది. ఇన్ని దినాల సంది ఎవలు చూస్తున్నరమ్మా కాలు?"

"మా తమ్ముడే చూస్తున్నడు," అంది యాకమ్మక్క. "మంచిగనే చూస్తున్నడు."

నీలి నా వైపు చూసింది. నేను గోడ మీదున్న టీకాల పట్టిక పైనుంచి కింది దాకా చదివాను. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివాను.

నూటెనిమిదిలో జనగామ పోయాం. అక్కడి డాక్టర్లు కాలు దక్కించారు. రెండు వేళ్లు తీసేశారు, చిటికెనదీ దాని పక్కదీ. ఇంకో వారం ఆగితే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదన్నారు. పదకొండు రోజులు మా అక్క మంచం పక్కన కూర్చున్నాను. ఆ పదకొండు రోజుల్లో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "తమ్మీ, నువ్వు టైముకు తిను" అని మాత్రం రోజూ చెప్పింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

తిరిగి రాగానే అరుగు మీది బోర్డు పీకేశాను. ప్రాక్టీసుకు రాజీనామా! వసంత కూడా వాము డబ్బా వంటింటి పై అరలోకి ఎక్కించింది.

కానీ జనం రావడం మానలేదు. పొద్దున్నే యథాప్రకారం అరుగు నిండుతోంది. "నాకు తెలియదు" అని ముఖం మీదే చెబుతున్నాను. కట్టమ్మకు కోపం వచ్చింది. "బిడ్డ డాక్టరైతుంటే సోమన్నకు మిడిసిపాటు ఎక్కువైంది" అని ఊరంతా చెప్పింది. ఇంత జరిగాక కూడా వీళ్లు నన్నెందుకు నమ్ముతున్నారో నాకు అర్థం కాలేదు. మనుషులు మరీ ఇంత అమాయకులా అని జాలిపడ్డాను కూడా.

యాకమ్మక్క మాత్రం తనకు తోచిన దారి వెతికింది. అమూల్య చూడడానికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"నీ సదువు ఇంక ఎన్నేండ్లు బిడ్డా?"

"ఐదేండ్ల మీదనే పడ్తది అత్తా."

అక్క మనసులో ఏదో లెక్క వేసుకుంది. "సరే తియ్. అప్పటిదాక ఉన్న వేళ్లను పైలంగ చూస్కుంట. నువ్వొచ్చి మన దవాఖానల కూసో."

అమూల్య మాట ఇవ్వలేదు. అక్క పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, కట్టు సరిగ్గా ఉందో లేదో చూస్తూ కూర్చుంది. ఏ ఊరికి వేస్తారో ఎవరికి తెలుసు? దాని కళ్లలో నీళ్లు చూసి నేను బయటికి వచ్చేశాను.

అక్క ఆలోచన నాకు నచ్చింది. ఊరందరికీ వర్తించేట్టు చేస్తే బాగుంటుందనిపించింది. వార్డు మెంబరు పౌలును పట్టుకున్నాను. అతని చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పంచాయతీలో అందర్నీ కూర్చోబెట్టి తీర్మానం రాయించాను. ఇది ఆ తీర్మానం నకలు:

"ఇందుమూలముగా గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, మన గ్రామ దవాఖానకు డాక్టరు వచ్చునంతవరకు గ్రామంలో ఎవరునూ జబ్బు పడరాదు. తప్పనిసరి పరిస్థితులలో జబ్బు పడదలచిన వారు మంగళవారం నాడు పది గంటల నుంచి పన్నెండు గంటల మధ్య మాత్రమే పడవలెను. కాన్పులు, పాముకాట్లు, గుండెనొప్పులు కూడా ఇదే వేళలకు లోబడి ఉండవలెను."

ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. మొదటి వేలిముద్ర యాకమ్మక్కది. కాపీ ఒకటి పై ఆఫీసుకు పంపాం. అందినట్టు రసీదు కూడా వచ్చింది.

తీర్మానం మీద సిరా ఆరకముందే దాన్ని ఉల్లంఘించినవాడు పౌలే! మొన్న మంగళవారం పన్నెండింటి దాకా ఇనుపగుండులా ఉన్న మనిషి, బుధవారం పొద్దున దుప్పటి కప్పుకుని, పళ్లు టకటకలాడిస్తూ మా అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"పౌలూ, నాకు తెల్వదు," అన్నాను. "నాకు ఏ జబ్బు గురించీ ఏమీ తెల్వదు. అప్పుడు గూడ తెల్వదు, ఇప్పుడు గూడ తెల్వదు."

"ఎరుకనే అన్నా," అన్నాడు పౌలు, దుప్పటి దగ్గరికి లాక్కుంటూ. "నీకు తెల్వదని ఊరందరికి మొదటి సందే ఎరుక. నీలి టీకాలెయ్య పోయింది, దవాఖానకు తాళమున్నది. మరి యాడికి పోవాలె?"

పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పౌలు ఇంకా అరుగు మీదే ఉన్నాడు.